ఊరేగింపు బేస్‌కు ఏ మౌత్‌పీసు: చిన్న గిన్నె కప్పా, పెద్ద గరాటు కప్పా?

పాలకొల్లు బేస్
మా బ్యాండు మేళంలో బి-ఫ్లాట్ శ్రుతి సూసాఫోన్ నాది, అంటే ఒంటికి చుట్టుకుని నడుస్తూ వాయించే పెద్ద ట్యూబా, మేళానికి బేస్ పలికే బాకా. ఇప్పుడు వాడుతున్నది బాక్ 24ఏడబ్ల్యూ మౌత్‌పీసు. లోపలి వ్యాసం 31.25 మిల్లీమీటర్లు, అంచు వెడల్పు, కప్పు (పెదవి ఆనించే చోట లోపలున్న గుంత) గిన్నె ఆకారం. ఈ మధ్య కాన్ హెల్లెబర్గ్ ఒకటి అమ్మకానికి వచ్చింది. అది సుమారు 32.5 మిల్లీమీటర్లు, అంచు సన్నం, కప్పు గరాటులాగా లోపలికి దిగుతుంది. అడుగు స్వరాలు, అంటే మంద్ర స్వరాలు, నిండుగా పలుకుతాయని మేళంలో కొందరు తీసుకోమంటున్నారు. వీధిలో ఆ నిండుదనం ఎవరికీ వినబడదని మిగతావాళ్లు అడ్డుపడుతున్నారు. మాఘమాసం ముహూర్తాలకు ముందే తేల్చుకోవాలి. అనుభవం ఉన్నవాళ్లు కారణంతో సహా చెప్పండి.

భీమవరం క్లారినెట్
మార్చవద్దండి. బేస్ పక్కనే నడుస్తూ వాయించేవాణ్ని కనుక గట్టిగా చెబుతున్నాను. ఇటు చేపల చెరువు, అటు కొబ్బరితోట, మధ్యలో కాలవగట్టు మీద ఊరేగింపు. శబ్దాన్ని తిప్పికొట్టే గోడ ఒక్కటీ ఉండదు. అడుగు స్వరం నాలుగు దిక్కులకూ చెదిరిపోతుంది. చెవి పట్టుకునేది ఆ స్వరంతో పాటే దాని మీద సన్నగా పలికే పై నాదాలను, అంటే అనుస్వరాలను. పెద్ద గరాటు కప్పు వాటిని అణచి నాదాన్ని మెత్తబరుస్తుంది. డ్రమ్ముల మోతలో ఆ మెత్తదనం కలిసిపోతే మాకు తాళం అందదు, శ్రుతీ అందదు. అందుకే వీధికి గిన్నె కప్పు. కప్పు ఎంత తక్కువ లోతుంటే అంత మంచిది.

రాజోలు మాస్టారు
క్లారినెట్ గారు ఆరుబయట శబ్దం గురించి చెప్పింది అక్షరాలా నిజం. చివరి మాటతో మాత్రం నేను ఏకీభవించను. బి-ఫ్లాట్ ట్యూబా గానీ సూసాఫోన్ గానీ చుట్టలు విప్పితే దాదాపు 18 అడుగుల గొట్టం. అంత గాలిని కదిలించాలంటే పెదవులు స్వేచ్ఛగా అదరాలి. వ్యాసం, లోతు మరీ తగ్గించుకుంటూ పోతే అడుగు స్వరాలు పలచబడతాయి, శ్రుతి కూడా జారుతుంది. వాయించేవాడు దాన్ని సరిచేయడానికి మౌత్‌పీసును పెదవికి అదుముతాడు. అక్కడితో పెదవి పని అయిపోయినట్టే. బ్యాండులో బేస్ అంటే ఇంటికి పునాది. వీధిలో వినబడడానికని దాన్ని రెండో యూఫోనియంగా (ట్యూబా కంటే చిన్నది, పై స్థాయిలో పలికే బాకా) మార్చడం నాకు సమ్మతం కాదు.

పైగా హెల్లెబర్గ్‌ను హాల్లో కూర్చుని వాయించేవాళ్ల సరుకుగా తీసిపారేయకండి. ఆ నమూనాకు పేరిచ్చిన ఆగస్ట్ హెల్లెబర్గ్ స్వయంగా అమెరికన్ బ్యాండు నాయకుడు సూసా బ్యాండులో ట్యూబా వాయించినవాడు. సూసాఫోన్ పుట్టింది ఆ సూసా కోరిక మీదే.

అయితే పాలకొల్లు తమ్ముడూ, కప్పు గురించి మేమంతా వాదించుకునే లోపు నువ్వు చూడవలసింది కాడ, అంటే మౌత్‌పీసులో బాకా లోపలికి దూరే భాగం. దాని గురించి ఇక్కడ ఒక్కరూ అడగలేదు. ట్యూబా మౌత్‌పీసుల కాడలు ఒకే లావు ఉండవు. అమెరికన్ కొలత ఒకటి, అంతకంటే కొంచెం లావైన యూరోపియన్ కొలత ఇంకొకటి. పాత బ్రిటిష్ ఈ-ఫ్లాట్ బేస్‌లలో కొన్నిటికి వీటికంటే సన్నని కాడ కావాలి. మీరట్‌లో తయారైనదైనా, ఎక్కడిదైనా, బాకాను వెంట తీసుకెళ్లి అందులో పెట్టి చూడకుండా డబ్బు ఇవ్వవద్దు. కాడ సుమారు ఒక అంగుళం లోపలికి వెళ్లి బిగుసుకోవాలి. పక్కలకు కదిపితే ఏమాత్రం ఊగకూడదు. అర అంగుళం దగ్గరే ఆగిపోతే కాడ లావైనదన్నమాట. అడుగుకంటా దిగిపోయి ఇంకా వదులుగా ఉంటే సన్నది. వదులైతే కాగితం చుట్టి బిగించే అలవాటు మన మేళాల్లో ఉంది. దయచేసి మానండి. కాగితం పట్టు ఇస్తుంది గానీ, కాడ చివరికీ లోపలి గొట్టం మొదలుకూ మధ్య ఉండవలసిన ఖాళీని సరిచేయదు. ఆ ఖాళీ తేడా వస్తే కొన్ని స్వరాలు నిలబడవు, పలకగానే పక్కకు జారిపోతాయి. దానికి వాయించేవాణ్ని తిడతారు.

కాకినాడ మైకు
నేను వాయించను, మేళం బండి మీద స్పీకర్లు చూసుకుంటాను. ఇప్పుడు చాలా మేళాల్లో కీబోర్డు ఉంటోంది, బాకాలకు మైకులు పెడుతున్నారు. మైకు పెట్టాక వాయిద్యం సొంత బలంతో దూరం వెళ్లవలసిన అవసరం లేదు. గరగరలాడే బేస్ స్పీకర్లో ఇంకా గరగరలాడుతుంది, నిండైనది ఇస్తే నేను పైకి తేగలను. మైకు ఉన్న మేళమైతే నా ఓటు హెల్లెబర్గ్‌కే.

భీమవరం క్లారినెట్
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. సూసా ఉదాహరణ మీ వాదానికి సాయం చేయదు. 1890లలో తయారైన తొలి సూసాఫోన్ల గంట (నాదం బయటికి వచ్చే వెడల్పు మూతి) ఆకాశంవైపు తెరుచుకుని ఉండేది. కూర్చుని వాయించే కచేరీ బ్యాండులో నాదం అందరి తలల మీదుగా పరుచుకోవాలని అలా కోరుకున్నారు. సూసా బ్యాండు నడుస్తూ వాయించింది చాలా అరుదు. గంట ముందుకు తిరిగింది ఆ తరవాతి కాలంలో. కనుక హెల్లెబర్గ్ కోరుకున్న నాదం కచేరీ నాదమే.

మైకు గారి మాట కూడా సగమే ఒప్పుకుంటాను. జనరేటర్ ఆగిపోతే? పొలాల మీదుగా ప్రభల వెంట నడిచేటప్పుడు బండి ఎక్కడ వస్తుంది? అక్కడ వాయిద్యమే పలకాలి.

నరసాపురం క్వయర్
మీరంతా పెళ్లిళ్ల గురించే మాట్లాడుతున్నారు. మా చర్చిలో డిసెంబరంతా కీర్తనలకు బేస్ నేనే వాయిస్తాను, ఈ-ఫ్లాట్ ట్యూబా మీద. ఈ-ఫ్లాట్ గొట్టం సుమారు 13 అడుగులు, అంటే మీ బి-ఫ్లాట్ కంటే పొట్టిది. దానికి మరీ పెద్ద కప్పు పెడితే పై స్వరాలు శ్రుతి తగ్గి పలుకుతాయి. కాబట్టి బాకా ఏమిటో చెప్పకుండా 'లోతుది మంచిది', 'లోతు తక్కువది మంచిది' అనడం నాకు అర్థం కావడం లేదు.

పాలకొల్లు అన్నయ్య చెప్పిన అంచు తేడా గురించి ఎవరూ మాట ఎత్తలేదు. కీర్తన చరణానికీ చరణానికీ మధ్య నా పెదవికి ఊపిరి దొరుకుతుంది. ఊరేగింపులో మీకు అది దొరకదు. వెడల్పు అంచు ఒత్తిడిని పెదవి మీద పరుస్తుంది, ఎక్కువసేపు నిలబడనిస్తుంది. సన్నని అంచుతో స్వరం నుంచి స్వరానికి చురుకుగా దూకవచ్చు, కానీ తొందరగా కోస్తుంది. 24ఏడబ్ల్యూ నుంచి హెల్లెబర్గ్‌కు మారితే పాలకొల్లు అన్నయ్య పెదవికి మొదట తెలిసేది కప్పు లోతు కాదు, ఆ అంచే. ఇంకొకటి, పాతది కొంటే అంచు మీద వెండి పూత చెక్కుచెదరకుండా ఉందో లేదో చూడండి. పూత పోయి ఇత్తడి బయటపడితే మన ఉప్పుగాలికి చిలుము పడుతుంది, పెదవి మండుతుంది. వైశాఖం ఎండలో లోహం కాలుతుందనుకునేవాళ్లకు పాలీకార్బొనేట్ మౌత్‌పీసులు కూడా ఉన్నాయి.

రాజోలు మాస్టారు
సూసా విషయంలో క్లారినెట్ గారి మాటే సరి. అంచు సంగతి నరసాపురం అమ్మాయి బాగా పట్టుకుంది, నాకంటే ముందు ఆవిడే చెప్పవలసింది. అయినా లోతు మరీ తక్కువ కప్పు వద్దన్న నా మాట మీదే ఉన్నాను. ఈ రెండింటికీ మధ్య బాక్ 18 ఉంది: వ్యాసం హెల్లెబర్గ్‌కు దగ్గర, కప్పు మాత్రం గిన్నె. ఎవరిదైనా అడిగి తీసుకో తమ్ముడూ. మూడింటినీ అదే బాకాలో పెట్టి గట్టు మీద వాయించు. పక్కన డ్రమ్ములు మోగాలి. క్లారినెట్ గారిని వంద అడుగుల దూరంలో నిలబెట్టు, ఏది పెట్టావో చెప్పకు. ఊరేగింపు పాట ఒకటి మొదటి నుంచి చివరిదాకా వాయించాక అడుగు బి-ఫ్లాట్ పట్టి చూడు. మొదట్లో ఏది గొప్పగా పలికిందన్నది నాకు అక్కర్లేదు, పెదవి అలిసిన తరవాత కూడా ఆ స్వరం దేనితో నిలబడిందో అదే కొను.

భీమవరం క్లారినెట్
ఆదివారం వస్తాను. చెవులు నావి, తీర్పు కూడా నాదే.