మట్టి మిద్దెకు స్లాబు లెక్కన ఇంటి పన్ను వేసినారు, అభ్యంతరం ఎట్ల రాయాల?

మట్టిమిద్దె:
అందరికీ నమస్కారం. మాది తాడిపత్రి దగ్గర పల్లె. మా జేజినాయన కట్టించిన మూడంకణాల మట్టి మిద్దెలోనే ఉంటున్నాం. పైన స్లాబు లేదు, దూలాలు, దంతెలు, వాటి మీద చౌడు మట్టి. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోసి చదును చేసుకుంటాం. వెనక రేకుల కొట్టంలో రెండు ఎనుములు ఉండాయి. మిగతా జాగా వామిదొడ్డి.

పోయినేడు దాకా అన్నీ కలిపి 320 రూపాయలు కట్టేవాళ్ళం. ఇప్పుడొచ్చిన నోటీసులో ఇంటి పన్ను 850, గ్రంథాలయ సెస్సు 68, నీటి పన్ను 240, మొత్తం 1,158. కప్పు రకం ఆర్‌సీసీ, అంటే స్లాబు అంట, కట్టడం 1307 చదరపుటడుగులు అంట. మా ఇంట్లోకి వచ్చి టేపు పెట్టినోళ్ళు ఎవరూ లేరు. పల్లెల్లో ఇండ్ల జాగాలు కొలిచే స్వామిత్వ సర్వే అని డ్రోన్ ఎగరేసినప్పుడు మాత్రం సున్నంతో హద్దులు గీసి పోయినారు.

పంచాయతీలో అడిగితే "పైనుంచి వచ్చింది, అందరికీ పెరిగింది" అన్నారు. మాది గ్రామకంఠం జాగా, అంటే ఊళ్ళో ఇండ్లకని వదిలిన జాగా, పట్టా లేదు. ఆ పన్ను రసీదు ఒక్కటే మన ఇంటికి ఆధారం, గొడవ పడితే పేరు తీసేస్తారేమో అని మా అమ్మ భయం. నా బాధ ఇంకొకటి. రేపు ఇల్లు కట్టుకోవడానికి పథకం అడిగితే, మీకు పక్కా ఇల్లు ఉందని ఈ కాగితమే చూపిస్తే ఏం చేయాల? తెలిసినోళ్ళు చెప్పండి.

గుంతకల్లు అన్న:
తమ్ముడూ, ఒకేసారి అంత పెంచడానికి లేదు. 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి విలువ మీద పన్ను వచ్చింది కదా, పాత పన్ను మీద 15 శాతం మించి పెంచకూడదు. 375 చదరపుటడుగుల లోపు సొంత ఇంట్లో ఉంటే ఏడాదికి 50 రూపాయలే. ఆ జీవో ప్రింటు తీసుకుని పో, వాళ్ళే దిగొస్తారు.

పెన్నొడ్డు:
గుంతకల్లు అన్నగారు చెప్పిన 15 శాతం, 375 అడుగుల మాటలు మునిసిపాలిటీలకు. 2020లో సవరించింది మునిసిపల్ చట్టాలను. పల్లెలో ఇంటి పన్నుకు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం చూడాలి, 60, 61 సెక్షన్లు. పట్నం జీవో తీసుకుని పోతే "ఇది మాకు కాదు" అని తిప్పి పంపేస్తారు, మీ అసలు మాట వినకుండానే. నేను కడప జిల్లాలో పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరైనవాడిని, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

బాబూ, ఒకటి అడుగుతా. మీ స్థలం మొత్తం మూడు సెంట్లేనా? సెంటు అంటే 435.6 చదరపుటడుగులు. మూడు సెంట్లు 1306.8. మీ నోటీసులో 1307. కొట్టం, వామిదొడ్డి, వాకిలి అన్నీ కలిపి హద్దుల లోపలి జాగానంతా కట్టడం కింద రాసేసినారని నాకు అనిపిస్తోంది. డ్రోన్ పటంలో స్థలం విస్తీర్ణం ఉంటుంది. దాన్నే తెచ్చి కట్టడం గడిలో వేస్తే ఇట్లాగే వస్తుంది.

కాబట్టి "పన్ను ఎక్కువైంది, తగ్గించండి" అని రాయొద్దు. రేటు పంచాయతీ తీర్మానంతో వస్తుంది. ప్రభుత్వం పెట్టిన కనీసానికి, గరిష్ఠానికి మధ్య ఎంతైనా పెట్టుకోవచ్చు, ఆ వాదనలో మీరు గెలవరు. రిజిస్టరులో రాసింది తప్పు అని రాయండి. విస్తీర్ణం తప్పు, కప్పు తప్పు. అది టేపుతో, కంటితో తేలే విషయం. ఇల్లు ఎంత పాతదో రాసి, దానికి తరుగుదల లెక్కించారా అని కూడా అడగండి.

కొలిచేటప్పుడు బయటి గోడల అంచు నుంచి కొలవండి. మట్టి మిద్దెల గోడలు మందంగా ఉంటాయి కాబట్టి లోపలి కొలతకూ బయటి కొలతకూ చాలా తేడా వస్తుంది. మీరు లోపలిది రాస్తే వాళ్ళు వచ్చి బయట కొలిచి, మీదే తప్పని తేలుస్తారు.

కొట్టం సంగతి. ఊళ్ళో ఇంటి వెనక ఉన్న పశువుల కొట్టం కూడా చట్టం దృష్టిలో "ఇల్లే", సొంత వ్యవసాయ భూమిలో కట్టుకున్న కొట్టానికే మినహాయింపు. కనుక దాన్ని దాచొద్దు, రేకుల కొట్టం అని విడిగా చూపించండి. నీటి పన్ను 240 ఈ అర్జీలో కలపొద్దు, దాని లెక్క వేరు. సెస్సు గురించి వేరుగా అడగక్కరలేదు, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు అది. పన్ను తగ్గితే అదీ తగ్గుతుంది.

అర్జీ రెండు ప్రతులు తీసుకుని పోండి. ఒకటి కార్యదర్శికి ఇచ్చి రెండోదాని మీద సంతకం, తేదీ, ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇచ్చినట్టే లెక్క కాదు. నోటీసులో గడువు రాసి ఉంటే ఆ లోపలే ఇవ్వండి. అదే రోజు సమాచార హక్కు కింద మీ ఇంటి అసెస్‌మెంట్ కాగితం, డిమాండు రిజిస్టరులో (ఎవరు ఎంత పన్ను కట్టాలో రాసే పుస్తకం) మీ పేజీ, రేట్లు నిర్ణయించిన తీర్మానం నకళ్ళు అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పంచాయతీలో కదలకపోతే ఎంపీడీవో, అక్కడా కాకపోతే సోమవారం కలెక్టరాఫీసులో పెట్టే ప్రజా సమస్యల పరిష్కార వేదిక.

అమ్మగారికి చెప్పండి, అభ్యంతరం పెట్టినందుకు ఎవరి పేరూ తీసేయరు. ఆ రసీదు హక్కు పత్రం కాదు గానీ ఇంట్లో ఎవరున్నారో చెప్పే కాగితం, దాన్ని తెగనివ్వకూడదు. పాత బకాయి ఉంటే ముందు కట్టేయండి. ఇంటి పన్ను బకాయి ఆ ఇంటి మీదే మొదటి భారంగా పడుతుంది.

ఎర్రగుంట్ల అక్క:
పెన్నొడ్డు సార్ చెప్పినట్టే మేమూ చేసినాం. మాది నాపరాళ్ళ మిద్దె, మాకూ స్లాబు అనే రాసినారు. కారణం ఏందంటే ముందు గోడకు సిమెంటు పూత పూసి, రంగు కొట్టి, పైన పిట్టగోడ కట్టినాం. వీధిలో నిలబడి చూస్తే ఎవరికైనా స్లాబు ఇల్లే అనిపిస్తుంది. అందుకని తమ్ముడూ, ముందు నుంచి తీసిన ఫోటో పెట్టొద్దు. ఇంట్లో మంచం మీద పండుకుంటే కనిపిస్తుందే, ఆ పైకప్పు ఫోటో తియ్యి. దూలం, దంతెలు, వాటి సందుల్లో మట్టి కనబడాల. ఇంకొకటి మిద్దె పైకెక్కి, చౌడు కనబడేటట్టు.

మా వీధిలో ఇట్లా తప్పు పడినోళ్ళం అందరం ఒకే రోజు అర్జీలు ఇచ్చినాం. ఒక్కరు పోతే రేపు రా అంటారు. ఆ తర్వాత టేపు పట్టుకుని మనిషి వచ్చినాడు, కప్పు మార్చి రాసినారు, పన్ను దిగింది. మీ పక్కిండ్ల నోటీసులు కూడా అడిగి చూడు.

మట్టిమిద్దె:
సార్, మీ మాట చదివి ఒళ్ళు ఝల్లుమంది. మూడు సెంట్లే! ఈ పొద్దు మా తమ్ముడూ నేనూ కొలిచినాం. ఇల్లు బయటి గోడలకు 27 అడుగులు, 18 అడుగులు, అంటే 486. కొట్టం 16కి 10, అంటే 160. రెండూ కలిపినా 646. వాళ్ళు రాసినదాంట్లో సగం కూడా లేదు. పక్కింటోళ్ళవి రెండు సెంట్లు, వాళ్ళ నోటీసులో 871 ఉంది. అదీ స్థలం లెక్కే. అక్కా, మీరు చెప్పినట్టే ముగ్గురం కలిసి పోతాం.

ఇంకొక్కటి సార్. నోటీసు మా నాయన పేరు మీద ఉంది, ఆయన లేడు. అమ్మ పేరు మార్చమని ఇదే అర్జీలో రాయొచ్చునా?

పెన్నొడ్డు:
871 అంటే రెండు సెంట్లే, ఇంక అనుమానం లేదు. ఆ నోటీసు జిరాక్సు కూడా మీ అర్జీకి జత చేయండి.

పేరు మార్పు మాత్రం ఇందులో కలపొద్దు. దానికి నాయన మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల పత్రం, మిగతా వారసుల ఒప్పుదల అడుగుతారు. అవి సరిచూసేదాకా కొలత సంగతి కూడా ఆపేస్తారు. ఈ అర్జీలో "ఫలానావారి భార్య, ఇంట్లో నివాసం ఉంటున్నాను" అని అమ్మగారి చేతనే సంతకం పెట్టించండి. ఇల్లు కొలిచి రిజిస్టరు దిద్దిన తర్వాత పేరు మార్పు వేరే కాగితం మీద అడగండి.