ఏప్రిల్ చివర డెత్ వ్యాలీలో ఒక్క రోజు: గోల్డెన్ కాన్యన్ లూప్ మొత్తం నడవాలా, రెడ్ కథీడ్రల్ నుంచి వెనక్కి రావాలా?

ఎండమావి: కాలిఫోర్నియా ఎడారిలోని డెత్ వ్యాలీ నేషనల్ పార్కుకి లాస్ వేగస్ నుంచి తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి తిరిగి చేరాలి. మట్టికొండల మీదికి చూసే జాబ్రిస్కీ పాయింట్, లోయ అడుగున ఉప్పుమైదానం బ్యాడ్‌వాటర్, కొండపైన డాంటేస్ వ్యూ ఎలాగూ చూస్తాం. నడకకు ఒక్కదానికే వీలుంది. గోల్డెన్ కాన్యన్ అనే ఇరుకు లోయ ఎక్కి గోవర్ గల్చ్ అనే పొడి వాగులోంచి దిగే 6.9 కిలోమీటర్ల లూప్ (చుట్టుదారి) మంచిదా, రెడ్ కథీడ్రల్ అనే ఎర్రటి కొండగోడ దాకా వెళ్ళి అదే దారిన వచ్చే 4.8 కిలోమీటర్లా?

ఉప్పునేల: లూపే. ఎక్కాల్సింది 260 మీటర్లే. మ్యాన్లీ బీకన్ అనే కోసు శిఖరం పక్కగా దాటేటప్పుడు కనిపించే పసుపు మట్టికొండలు రెడ్ కథీడ్రల్ దారిలో అంత దగ్గరగా రావు. ప్రదక్షిణంగానే వెళ్ళండి. ఎదురు దిశలో వాగుచీలికల మధ్య దారి తప్పడం తేలిక.

రాతిగోడ: అదనంగా నడిచే రెండు కిలోమీటర్లు పెద్ద లెక్క కాదండీ, అవి ఎక్కడ పడతాయో చూడండి. గోవర్ గల్చ్ చివర సుమారు 9 మీటర్ల పొడి జలపాతం (నీళ్ళు లేని నిట్టనిలువు రాతి అంచు) ఉంది. నేరుగా దిగలేం, కుడివైపు కొండ అంచున సన్నటి బాట పట్టాలి. అక్కణ్ణుంచి పార్కింగ్ దాకా దాదాపు మైలు, కొండల అడుగున, నీడన్నది లేకుండా. పొద్దెక్కి, కాళ్ళు అలిసి, నీళ్ళు అడుగంటినప్పుడే ఆ ముక్క వస్తుంది. రెడ్ కథీడ్రల్ దారిలో ఒంట్లో తేడా చేస్తే వెనక్కి తిరిగితే చాలు, అంతా దిగుడే. లూప్‌లో సగం దాటాక ఎటు వెళ్ళినా అంతే దూరం.

ఉప్పునేల: ఆరింటికి మొదలుపెడితే తొమ్మిదికల్లా అయిపోతుంది కదా?

రాతిగోడ: అప్పుడు జాబ్రిస్కీలో సూర్యోదయం పోతుంది. వెలుగు మన వెనకనుంచి వచ్చి మ్యాన్లీ బీకన్ కొనను ముందు అంటుకుంటుంది. ఒక్క రోజు వచ్చేవాళ్ళు దాన్ని వదులుకోమనడం నాకు సబబనిపించదు.

నీటిచుక్క: ఏది నడిచినా నీళ్ళ లెక్క తప్పకూడదు. రోజుకు మనిషికి కనీసం 4 లీటర్లు కారులో ఉండాలి, అందులో 2 వీపు మీదికి. ఇక్కడి పొడిగాలికి చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది, అందుకే పట్టలేదనుకుంటారు. చొక్కా వీపున తెల్లటి ఉప్పు చారలు తేలాయేమో చూడండి. ఉత్త నీళ్ళే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. ఉప్పగా ఉండేది ఏదైనా మధ్యమధ్య తినాలి. పార్కులో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే దించుకోండి.

మబ్బు పడితే మాత్రం గోవర్ గల్చ్ వద్దు. 1941లో ఫర్నెస్ క్రీక్ వాగును అందులోకి మళ్ళించారు, కాబట్టి ఎక్కడో పైన కురిసిన వాన కూడా అందులోకే దిగుతుంది. గోల్డెన్ కాన్యన్‌లో ఒకప్పుడు తారు రోడ్డుండేది. 1976 ఫిబ్రవరి వానకు కొట్టుకుపోయింది. మొదట్లోనే గట్టుకు అతుక్కుని ఆ తారు పెళ్ళలు ఇంకా కనిపిస్తాయి.

మధ్యాహ్నం డాంటేస్ వ్యూకి వెళ్ళండి. 1,669 మీటర్ల ఎత్తు, బ్యాడ్‌వాటర్ కన్నా సుమారు 14 డిగ్రీలు చల్లన. ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడి ముల్లు పైకి పాకితే ఏసీ ఆపెయ్యండి. బ్యాడ్‌వాటర్ సాయంత్రానికి ఉంచండి.

ఉప్పునేల: వాగు సంగతి ఒప్పుకుంటున్నా. నవంబరు నుంచి మార్చి దాకా లూపే అంటాను. ఏప్రిల్ చివరైతే, మబ్బు లేకుండా, ఆరున్నరలోపు కాన్యన్‌లో అడుగుపెడితేనే. జాబ్రిస్కీలో సూర్యోదయం చూసి వస్తే రెడ్ కథీడ్రల్ చాలు.