హైదరాబాద్ ఎఫ్‌సీ మునిగింది యాజమాన్యంతోనా, కోచ్‌తోనా?

గడియారం సెంటర్ (నల్లగొండ):
ఎన్‌జీ కాలేజీ గ్రౌండుల మొదలైన లొల్లి తెగుతలేదు, అందుకే ఇక్కడ పెడుతున్న. మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిల ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కొట్టింది. 2023-24 సీజన్ వచ్చేసరికి 22 మ్యాచులల్ల ఒక్కటంటే ఒక్కటి గెలిచి, 8 పాయింట్లతోటి అట్టడుగున పడ్డది. 2025ల జట్టే ఢిల్లీకి పోయింది. మా దోస్తులు "కోచ్ మనోలో మార్కెజ్ పోయిండు, ఆట పోయింది" అంటరు. నేనైతే ముమ్మాటికీ యాజమాన్యానిదే తప్పంట. జీతాలు ఆగినయ్. కొత్త ప్లేయర్లను తీసుకోకుండ ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే మూటముల్లె సదురుకున్నరు. గసొంటి జట్టుకు ఏ కోచ్ వచ్చి ఏం నేర్పుతడు?

పసుపు జెండా (పాలమూరు):
అన్నా, 2019-20ల కూడ గదే యాజమాన్యం కద? కోచ్ ఫిల్ బ్రౌన్. 18 మ్యాచులల్ల రెండు గెలుపులు, ఆఖరి స్థానం. సీజన్ నడుమల్నే ఆయనను పంపిచ్చిన్రు. 2020ల మనోలో వచ్చిండు. మొదటి ఏడు ఐదో స్థానం, మల్ల ఏడు కప్పు, ఆ మల్ల ఏడు 42 పాయింట్లతోటి రెండో స్థానం. ఓనర్లు మారలే, కోచ్ మారిండు. 2022ల గోవా ఫటోర్డ స్టేడియంల ఐఎస్‌ఎల్ ఫైనల్ యాది చేస్కో. కేరళ ముందుగాల గోల్ కొట్టినా మనోళ్లు ఆగం కాలే. 88వ నిమిషంల మన టవోరా బాక్స్ బయటి నుంచి కొట్టిండు, స్కోరు సమమైంది. పెనాల్టీలల్ల మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపిండు. గా నిబ్బరం జీతం చెక్కుతోటి రాదు.

ఎడమ కాల్వ (మిర్యాలగూడ):
చెక్కుతోటి రాదు తమ్మీ, చెక్కు రాకుంటే మాత్రం పోతది. 2024 మొదట్ల నేను గచ్చిబౌలికి పోయి చూసిన. గంట దాక పోరగాళ్లు మంచిగనే ఉరికిన్రు. అటెన్క లెఫ్ట్ బ్యాక్ మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగిండు. కోచ్ బెంచీ దిక్కు చూసి మల్ల గ్రౌండు దిక్కే తిరిగిండు. దించుదామంటే గా జాగల ఆడేటోడు లేడు. గా కోచ్ థాంగ్బోయ్ సింగ్టో, మనోలో దగ్గర అసిస్టెంటుగ పనిజేసిన మనిషే. ఏం తెలువనోడైతే కాదు కద!

పసుపు జెండా:
సరే, మరి 2024-25 సంగతి? జిందాల్ గ్రూపు కొనుక్కుంది. కొత్త ఓనరు. అయినా 24 మ్యాచులకు 18 పాయింట్లు, 13 జట్లల్ల 12వ స్థానం. డిసెంబర్‌ల సింగ్టోను తీసేసిన్రు. గప్పుడు కూడ పాత యాజమాన్యమేనా?

గడియారం సెంటర్:
సీజన్ నెత్తి మీదికి వచ్చినంక కొన్నరు. దొరికినోళ్లతోటి జట్టు కట్టిన్రు. నాట్ల టైంల నారు వెతుకులాడితే పంట ఎట్లొస్తది?

మధ్యల దూరినోడు (వనపర్తి):
ఇంగ్లండ్‌ల మాంచెస్టర్ యునైటెడ్‌ను కూడ చూడున్రి. గ్లేజర్ల కుటుంబం 2005ల ఆ క్లబ్బును కొన్నది, పొద్దుకు ఆళ్లను తిట్టుడే. గదే గ్లేజర్ల కింద కోచ్ ఫెర్గూసన్ ఐదు లీగులు గెలిచిండు, 2008ల ఛాంపియన్స్ లీగ్ గూడ. 2013ల ఆయన దిగిండు, 2024-25ల జట్టు 15వ స్థానం. నేను కోచ్ దిక్కే.

రిటైర్డ్ పీఈటీ (దేవరకొండ):
బాబూ, మీరంతా మనోలో పేరే జపిస్తున్నారు గనుక ఆయన గురించే చెప్తాను. 2024 జులైలో ఆయనకు భారత జట్టును అప్పగించారు. ఎనిమిది మ్యాచుల్లో గెలిచింది ఒక్కటే, అదీ మాల్దీవుల మీద. ఆ సీజన్లోనే ఆయన కోచ్‌గా ఉన్న ఎఫ్‌సీ గోవా ఐఎస్‌ఎల్ లీగులో రెండో స్థానంలో నిలిచింది, ఆపైన సూపర్ కప్ గెలిచింది. మనిషి ఒక్కడే, బుర్ర ఒక్కటే. గోవాలో రోజూ కుర్రాళ్లు ఆయన చేతిలో ఉండేవారు. దేశం జట్టుకు వచ్చేసరికి కొన్ని రోజుల క్యాంపు, అంతే.

ఆయన తర్వాత భారత జట్టుకు కోచ్‌గా ఖాలిద్ జమీల్ వచ్చారు. జట్టును నడిపేది అదే ఫుట్‌బాల్ ఫెడరేషన్. రాగానే మధ్య ఆసియా ఫుట్‌బాల్ సంఘం వాళ్ల కాఫా కప్పులో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చారు. అందరూ భుజాలకెత్తుకున్నారు. తర్వాత సింగపూర్‌తో సొంతగడ్డ మీద ఓడి, 2027 ఆసియా కప్ పోగొట్టుకున్నాం. కొత్త కోచ్ ఊపు రెండు నెలలు లాగుతుంది. అందుకే నా ఓటు పైవాళ్లకే.

పసుపు జెండా:
సార్, మరి మన పాత కోచ్ రహీం సాబ్? ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాక వరుసగ ఐదు రోవర్స్ కప్పులు (బొంబాయిల ఆడే పాత టోర్నీ) కొట్టింది. ఆయన కింద భారత జట్టుకు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడలల్ల బంగారం. గాయన పోయినంక గసొంటి జట్టు మల్ల కానొచ్చిందా?

రిటైర్డ్ పీఈటీ:
రహీం సాబ్ కోచే కాదు నాయనా, హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి కూడా. అటు ఆఫీసూ ఇటు గ్రౌండూ ఆయన చేతిలోనే. జట్టులో వాళ్లకు పోలీసు నౌకరీ ఉండేది, నెల తిరిగితే జీతం. ఆ పేరు మీ వాదనకు పనికిరాదు, నిజం చెప్పాలంటే నా వాదనకూ పూర్తిగా పనికిరాదు.

గడియారం సెంటర్:
అన్నీ పక్కకు పెట్టు తమ్మీ. 2023ల మనోలోను గోవాకు పోకుండ ఆపలేనిది ఎవరు? ఓనర్లే కద?

పసుపు జెండా:
అంటే ఆపుకోవాల్సినంత కోచ్ అని నువ్వే ఒప్పుకుంటున్నవ్ కదన్నా!