కారులో తుపాకీ పెట్టి దిగితే బాధ్యత ఎవరిది?

లాయర్లు గానీ, పోలీసు శాఖలో పనిచేసినవాళ్లు గానీ ఉంటే దయచేసి చెప్పండి. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. శెనక్కాయ చేన్లో అడవిపందుల బెడదకని మా నాయనకు ఎప్పుడో డబుల్ బ్యారెల్ తుపాకీ లైసెన్సు ఇచ్చినారు. కారు నా పేరున ఉంది.

పోయిన వారం లైసెన్సు రెన్యువల్ పనిమీద అనంతపురం పోయినాము. నడుమ బ్యాంకు దగ్గర ఆగితే, తుపాకీతో లోపలికి ఎట్ల పోతామని నాయన దాన్ని టవల్లో చుట్టి డిక్కీలో పెట్టి దిగినాడు. నేను టీకి పోయినా. పది నిమిషాలే. తిరిగొచ్చి చూస్తే డిక్కీ సరిగా పడలేదు, టవల్ కొస బయటికి వేలాడతాంది. పక్కనే రెండు తూటాలు. బడి వదిలిన టైం, పిల్లలు కారును రాసుకుంటా పోతాండారు. ఆ పూటంతా నా చేతులు వణుకుతానే ఉన్నాయి.

1959 ఆయుధాల చట్టం 30వ సెక్షన్ కింద లైసెన్సు షరతు మీరితే 6 నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 17వ సెక్షన్ కింద లైసెన్సే రద్దు చేయొచ్చు. ఇంతవరకు చదివినా.

దొంగ ఎత్తుకుపోయి ఉంటే కేసు నాయన మీదేనా, తాళం నా చేతిలో ఉంది కాబట్టి నా మీద కూడానా? నాయన పక్కన లేనప్పుడు తుపాకీ ఉన్న కారును లైసెన్సు లేని నేను నడిపితే అదే నేరమవుతుందా? డిక్కీలో ఇనుప పెట్టె బోల్టులతో బిగించి తాళమేసి, తూటాలు నాయన దగ్గరే ఉంచితే తగిన జాగ్రత్త తీసుకున్నట్టు లెక్కనా?

ఇట్లాంటి కేసు చూసినవాళ్లు ఏం జరిగిందో రాయండి. వచ్చే నెల మళ్లీ అనంతపురం పోవాల.