గుడి దగ్గరి కోతుల గుంపు మీద డేటా: ఫోకలా, స్కానా?

గుట్టమీద (ప్రశ్న):
ఎం.ఎస్సీ. జువాలజీ ప్రాజెక్టు. ఉత్తర తెలంగాణలో ఓ గుట్ట మీది గుడి, ముప్పై దాకా కోతులు. పెద్దవి 12: మగవి 4, ఆడవి 8. భక్తులు కొబ్బరిచిప్పలు, అరటిపళ్లు పెట్టినప్పుడు గొడవలు ఎంత పెరుగుతున్నాయి, ఏ కోతి మీద ఏ కోతిది పైచేయి అన్నది తేల్చాలి. ప్రస్తుతం కళ్లబడ్డ గొడవల్ని నోట్‌బుక్‌లో రాస్తున్నాను. ఇది చాలా? మలం సేకరించి స్ట్రెస్ హార్మోన్లు చూడటం ఈ స్థాయిలో అయ్యే పనేనా?

రేగుపొద:
ముందు అవి ఏ కోతులో తేల్చండి. గోదావరికి దక్షిణాన బోనెట్ మకాక్, ఉత్తరాన రీసస్ మకాక్ అని పాత పుస్తకాల్లో ఉండే గీత ఎప్పుడో చెరిగిపోయింది. రీసస్ దక్షిణానికి దిగుతూనే ఉంది, కొన్నిచోట్ల రెండూ ఒకే గుంపులో తిరుగుతున్నాయి. తోక చూడండి. బోనెట్‌కి ఇంచుమించు ఒంటి పొడవంతా, ఒక్కోసారి మించి కూడా ఉంటుంది. రీసస్‌కి సగానికి అటూఇటూ. నడినెత్తిన పాపిడి తీసి చుట్టూ పరిచినట్టు జుట్టుంటే బోనెట్. నడుము కింద నారింజ ఛాయ ఉంటే రీసస్. నెత్తిన టోపీ, మధ్యరకం తోక రెండూ ఉన్నదాన్ని బలవంతంగా ఏదో ఒక పక్కన వెయ్యకండి, ‘అనుమానం’ అని విడిగా రాయండి.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. బోనెట్ మగవి ఒకదానికొకటి పేలు చూసుకుంటాయి, ర్యాంకు తేడా ఉన్నా ఓర్చుకుంటాయి. రీసస్‌లో దెబ్బ ఎక్కువగా ఒకవైపు నుంచే పడుతుంది, కిందిది తిరగబడటం తక్కువ. రెంటినీ కలిపి ‘గొడవల రేటు’ అని ఒక్క అంకె ఇస్తే దానికి అర్థం ఉండదు. అన్నట్టు, ఊళ్లో అందరూ తరిమే ఈ బోనెట్ కోతి ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం) జాబితాలో ‘వల్నరబుల్’, అంటే అంతరించే ముప్పున్న జాతి.

కొమ్మచ్చి:
కళ్లబడ్డవి రాయడం చాలదండీ. అరుపులతో, పరుగులతో సాగే గొడవ ఎక్కడున్నా మీ చూపు లాగేస్తుంది. ఒక కోతి నడిచొస్తుంటే ఇంకోటి చప్పుడు లేకుండా లేచి పక్కకి జరగడం మాత్రం జారిపోతుంది. పైచేయి లెక్కకి అసలు సరుకు అదే. 1974లో జంతు ప్రవర్తన శాస్త్రవేత్త జీన్ ఆల్ట్‌మన్ ఈ పరిశీలన పద్ధతుల్ని విడదీసి చెప్పింది కూడా ఇలాంటి పక్షపాతం గురించే.

మీ ప్రశ్నకి ఫోకల్ వాడండి, అంటే ఒకసారికి ఒకే కోతిని వెంబడించి చూడటం. ఒక పెద్ద కోతి, 10 నిమిషాలు, అది చేసినదీ దానికి జరిగినదీ అంతా రాయాలి. ఒక్కోదానికి 6 గంటలు కావాలంటే 36 సెషన్లు, 12 కోతులకి 432. రోజుకి 18 పూర్తి చేస్తే 24 రోజులు. ఎవరి వంతన్నది ముందురోజే చీటీలు తీసి పెట్టుకోండి. అక్కడికెళ్లి ఎంచుకుంటే మెట్ల మీద కూర్చునే మగకోతికే గంటలన్నీ పోతాయి, చెట్టు మీది ఆడకోతికి ఏమీ మిగలదు.

కనబడని సమయాన్ని ‘కనబడలేదు’ అని రాసి, రేటు కట్టేటప్పుడు తీసెయ్యండి. 10లో 4 నిమిషాలు మాయమైతే భాగించాల్సింది 6తో. తిండి పెడుతున్నారా లేదా అన్నది వేరే గడిలో నిమిషం నిమిషానికీ ఉండాలి. సెషన్ మొత్తానికి ఒకే గుర్తు పెడితే చివరి నిమిషంలో పడ్డ అరటిపండు మిగతా తొమ్మిది నిమిషాల్ని కూడా పాడుచేస్తుంది.

స్కాన్ అంటే గుంపంతటినీ ఒకసారి చూసి ఆ క్షణంలో ఎవరేం చేస్తున్నారో రాయడం. కావాలంటే 15 నిమిషాలకోసారి చెయ్యండి, ఎవరు తింటున్నారు, ఎవరు కునుకు తీస్తున్నారు అన్నదానికి పనికొస్తుంది. అరనిమిషంలో ముగిసే గొడవలు అందులో పడవు.

మొదటి వారం డేటా తీయకండి. ముఖాలు నేర్చుకోండి: చెవి చీలిక, తెగిన వేలు, పెదవి మీది మచ్చ, ఆడవాటికైతే చనుమొనలు. కూడా ఇంకెవరైనా రాస్తుంటే ఒకే కోతిని ఇద్దరూ విడివిడిగా రాసి కప్పా (ఇద్దరి రాతలూ ఎంత కలిశాయో చెప్పే అంకె) చూడండి, 0.8 దాటాకే మొదలుపెట్టండి. పళ్లికిలించడాన్ని బెదిరింపుల్లో వెయ్యొద్దు. భక్తులు నవ్వుతోందనుకుంటారు గానీ అది లొంగుబాటు. నోరు గుండ్రంగా తెరిచి కళ్లార్పకుండా చూస్తే అదీ బెదిరింపు.

లెక్కలపిచ్చి:
432 సెషన్లంటే 432 స్వతంత్ర అంకెలు కావు, 12 కోతులే. కోతి గుర్తింపుని రాండమ్ ఎఫెక్ట్‌గా (ఒకే కోతి అంకెలు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయని మోడల్‌కి చెప్పడం) పెట్టి నెగెటివ్ బైనోమియల్ మోడల్ (ఎగుడుదిగుడు ఎక్కువుండే లెక్కింపు అంకెలకి వాడేది) నడపండి, చూసిన సమయంలో తేడాల్ని సరిచెయ్యడానికి కనబడిన నిమిషాల లాగరిథమ్ ఆఫ్‌సెట్. ర్యాంకుకి డేవిడ్ స్కోర్ (గెలుపోటముల పట్టిక నుంచి కట్టేది) సరిపోతుంది, మధ్యలో మగవి మారితే ఈలో రేటింగ్ (ఒక్కో గొడవ తర్వాతా ర్యాంకుని సరిదిద్దుతూ పోయేది) నయం. తిండి దగ్గరి గెలుపుల్ని, మిగతావాటిని వేర్వేరు పట్టికల్లో ఉంచండి.

గుట్టమీద:
థాంక్సండీ. మరి మలం సంగతి?

రేగుపొద:
ఏ కోతిదో కళ్లారా చూసిందే తీసుకోవాలి, మూత్రం కలిసింది వద్దు. హార్మోను ముద్దంతా సమానంగా ఉండదు కాబట్టి పుల్లతో బాగా కలిపి అందులోంచి కొంత తీయండి, వెంటనే ఐస్‌బాక్సు, సాయంత్రానికి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్. మలంలో కనబడేది ఆ పూట సంగతి కాదు, దాదాపు ఒకటి రెండు రోజుల కిందటిది. శనివారం రద్దీ ప్రభావం ఆదివారం, సోమవారం నమూనాల్లో వెతకాలి. పరీక్ష కిట్ ఆ జాతికి పనిచేస్తుందని ముందే నిరూపించి ఉండాలి, అది ఎం.ఎస్సీ. గడువులో కష్టం. హైదరాబాద్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) వాళ్ల వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్ ఇలాంటి పని చేస్తుంది, మీ గైడు ద్వారా ముందే మాట్లాడండి. అటవీ శాఖ అనుమతి నమూనాలకే కాదు, పరిశీలనకీ అడిగి ఉంచుకోండి.

రేబిస్ టీకా ముందే వేయించుకోండి. కరిచినా గీరినా సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి, అక్కడ కోతి అని స్పష్టంగా చెప్పండి. మకాక్‌లలో ఉండే బి వైరస్‌కి రేబిస్ టీకా పనిచెయ్యదు.