ఒంట్లోనే కార్-టీ కణాలు తయారుచేసే చికిత్స: తొందరపడాలా, ఆగాలా?

వేకువ:
ఇప్పటి కార్-టీ అనే క్యాన్సర్ చికిత్సలో రోగి రక్తం నుంచి టీ కణాలు (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు) తీసి, ల్యాబ్‌లో వాటికి క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా చేసే కొత్త జన్యువు ఎక్కించి, పెంచి, తిరిగి రోగికి ఇస్తారు. వారాలు పడుతుంది. కొత్త పద్ధతిలో జన్యువును మోసే వైరస్‌నో, కొవ్వుతో చేసిన నానోకణాలనో నేరుగా నరంలోకి ఎక్కిస్తారు. టీ కణాలు లోపలే మారతాయి. దీన్ని త్వరగా అందుబాటులోకి తేవాలని నేను గట్టిగా అంటాను. మా అన్నయ్యకు లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్). కణాలు తీసి పంపాక అవి వచ్చేదాకా మేం పడిన టెన్షన్ చెప్పలేను. అవి వచ్చేసరికి అన్నయ్య లేచి నడవలేకపోయాడు.

తెల్లకణం:
వేకువ గారూ, ఆ ఎదురుచూపు ఎంత నరకమో నాకు తెలుసు. కానీ ల్యాబ్‌లో ఆలస్యంతో పాటు తనిఖీ కూడా ఉంది. 2018లో ప్రచురించిన ఒక కేసు చూడండి. లుకేమియా (రక్త క్యాన్సర్) రోగికి కణాలు తయారుచేస్తుంటే, ఒకే ఒక్క క్యాన్సర్ కణంలోకి ఆ జన్యువు పొరపాటున చేరింది. దాంతో టీ కణాలు వెతికే సీడీ19 అనే గుర్తు ఆ కణం మీద మూసుకుపోయి, టీ కణాలు దాన్ని పోల్చుకోలేకపోయాయి. ఆ ఒక్కటే పెరిగి జబ్బు తిరగబెట్టింది. ల్యాబ్‌లోనే ఇలా జరిగితే, క్యాన్సర్ కణాలు తిరుగుతున్న రక్తంలోకి వైరస్‌ను వదలడం నాకు భయంగానే ఉంది.

చిన్నమ్మాయి:
వైరస్‌నూ, కొవ్వు నానోకణాలు మోసుకెళ్లే ఎంఆర్‌ఎన్‌ఏనూ (కణానికి తాత్కాలికంగా అందే జన్యు సందేశం) ఒకే గాటన కట్టకండి. లెంటీవైరస్ అనే రకం వైరస్ అయితే జన్యువును మన డీఎన్‌ఏలో అతికిస్తుంది. ఎంఆర్‌ఎన్‌ఏ అతకదు, కొద్దిరోజుల్లో కరిగిపోతుంది. వేరే కణంలో పడినా ఆ మార్పు శాశ్వతం కాదు.

తెల్లకణం:
ఒప్పుకుంటాను. అయితే కరిగిపోవడమే దాని లోటు కూడా. 2010లో కార్-టీ తీసుకున్న ఇద్దరు లుకేమియా రోగుల్లో ఆ కణాలు పదేళ్లు దాటినా కనిపించాయి. క్యాన్సర్‌కు అలాంటి కాపలా కావాలి. ఎంఆర్‌ఎన్‌ఏతో అయితే డోసులు మళ్లీ మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు.

వేకువ:
2018 కేసు నాకు తెలియదు, చదివాక కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. సరే, వైరస్ పద్ధతైతే రోగులను 15 ఏళ్లు గమనించాలన్న ఎఫ్‌డీఏ (అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ) సూచనను ఎక్కడా సడలించకూడదు. కానీ వారాలు ఆగే ఓపిక ఒంట్లో లేని రోగులను ట్రయల్స్‌లో ముందు చేర్చుకోండి. ఎంత ప్రమాదమో దాచకుండా చెప్పండి. మా అన్నయ్యను అడిగితే ఆ రోజే సంతకం పెట్టేవాడు.