రంగు మానేస్తే బెంగ కూడా పోతుందా?

రాజమండ్రి టీచరు:
నాకు 54 ఏళ్లు. పదహారేళ్లుగా మూడు వారాలకోసారి, ఆదివారం పూట స్నానాల గది తలుపు వేసుకుని, భుజాల మీద పాత తువ్వాలు కప్పుకుని, అరిగిపోయిన టూత్‌బ్రష్షుతో పాపిడి వెంట జుట్టుకు రంగు వేసుకుంటూ వచ్చాను. మొన్న సంక్రాంతికి ఆ పని మానేశాను. దాని వెనుక గొప్ప ఆలోచన ఏదీ లేదు. చెవి మీదికి కారిన రంగు మరకను నిమ్మచెక్కతో రుద్దుకుంటూ, ఇదంతా ఎవరి కోసం చేస్తున్నానని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. జవాబు తోచలేదు, గిన్నెలో మిగిలిన రంగును పారబోసి కడిగేశాను.

ఇప్పుడు పాపిడికి రెండు వైపులా మూడు వేళ్ల మేర తెలుపు వచ్చింది. శ్రావణంలో మా అమ్మాయి పెళ్లి. “ఫొటోలలో పెళ్లికూతురికి అమ్మలా కాదు, అమ్మమ్మలా కనిపిస్తావు వదినా” అని మా ఆడపడుచు అన్నది. ఆ మాటకు పైకి నవ్వేశాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వయసు పెరిగేకొద్దీ రూపం మీద ధ్యాస దానంతట అదే తగ్గుతుందని అందరూ అంటారు. నిజంగా తగ్గుతుందా, లేక అది పట్టుబట్టి నేర్చుకోవలసిన విద్యా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మాదాపూర్ ఉద్యోగి:
నమస్కారం మేడమ్. మీ ప్రశ్నను మనశ్శాంతి కోణం నుంచి కాక జీతం కోణం నుంచి చూడమని కోరుతున్నాను. నాకు 49 ఏళ్లు. రెండేళ్ల క్రితం ఉద్యోగం పోయింది. తెల్లబడిన తలతో వెళ్లిన ఒక ఇంటర్వ్యూలో, నా కంటే పదిహేనేళ్లు చిన్నవాడైన ఒక అబ్బాయి ఎంతో మర్యాదగా, “ఇంకా ఎన్నేళ్లు పనిచేయాలనుకుంటున్నారు సార్?” అని అడిగాడు. ఇంటికి వస్తూ దారిలోనే డై పొట్లం కొన్నాను. తరువాత వచ్చిన ఉద్యోగం రంగు వల్లనే వచ్చిందని నేను అనను, కానీ ఆ ప్రశ్న మళ్లీ ఎవరూ అడగలేదు. పట్టించుకోవడం మానేయమని సలహా ఇచ్చేవారిలో చాలామందికి పింఛను ఖాయమై ఉంటుంది.

హనుమకొండ తాత:
రజనీకాంత్‌ను చూడండి. తెర మీద విగ్గు పెట్టుకున్నా, బయట సభలకు బట్టతలతో, తెల్లగడ్డంతో వస్తారు. దానివల్ల ఆయనకు దండం పెట్టేవారు ఒక్కరైనా తగ్గారా? మనకు మనమే కల్పించుకున్న భయం తప్ప ఇందులో ఏమీ లేదని 71 ఏళ్లవాడిగా నా అభిప్రాయం.

ఒంగోలు కోడలు:
పెద్దవారు, తప్పుగా అనుకోకండి. మీ ఉదాహరణ మాదాపూర్ గారి వాదననే బలపరుస్తున్నది. డబ్బు వచ్చే చోట, అంటే తెర మీద, ఆయనకూ విగ్గు తప్పలేదు కదా. పైగా ఆ వయసులో అలా బయటికి వచ్చి, మళ్లీ కథానాయికగా నటించే వీలు మన సినిమాలలో ఏ నటికి ఉన్నది? తల నెరిస్తే మగవాడికి పెద్దరికం వచ్చిందంటారు, ఆడమనిషి తన గురించి తాను పట్టించుకోవడం మానేసిందంటారు. పోనీ అని అరవై ఏళ్ల ఆవిడ కాస్త పెదవులకు రంగు వేసుకుంటే, “ఈ వయసులో ఈ సోకులేమిటి” అని ముక్కున వేలేసుకునేవారూ వీరే.

నా అభ్యంతరం అసలు ప్రశ్న మీదనే ఉన్నది. రూపం మీద ధ్యాస తగ్గడం పరిణతి అని మనం ముందే ఒప్పేసుకుంటున్నాము. మా నాయనమ్మకు 36వ ఏట భర్త పోయాడు. ఆ రోజు నుంచి ఆమెకు పూలు లేవు, బొట్టు లేదు, రంగు చీర లేదు. అందం మీద ఆశ వదులుకోవడం ఆమె నేర్చుకున్న విద్య కాదు, ఊరు ఆమె మీద రుద్దిన శిక్ష. ఆమె ట్రంకుపెట్టె అడుగున, మడత పెట్టిన దుప్పటి కింద, అరచేయంత అద్దమూ ఒక పౌడరు డబ్బా ఉండేవి. ఎనభై దాటాక కూడా ఆసుపత్రికి బయలుదేరే ముందు గది తలుపు దగ్గరగా వేసి, మెడకూ ముఖానికీ పౌడరు అద్దుకుని, ఎక్కువైందేమోనని చీర చెంగుతో తుడుచుకునేది. అది చూసిన నేను, తెల్ల జుట్టు జ్ఞానానికీ నల్ల రంగు అజ్ఞానానికీ గుర్తు అని ఒప్పుకోలేను.

బెజవాడ పార్లరు అక్క:
ఇరవై రెండేళ్లుగా పార్లరు నడుపుతున్నాను, అందువల్ల రంగు మానేయమని చెప్పడం నా వ్యాపారానికి నష్టమే. అయినా తెలిసినది చెబుతాను. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై పార్లర్లు మూతపడ్డాయి. మళ్లీ తెరిచాక చాలామంది పాపిడిలో తెల్ల గీతతో వచ్చారు. కొందరు ఇక రంగు వద్దని జుట్టు పొట్టిగా కత్తిరించుకుని వెళ్లారు, ఎక్కువమంది మాత్రం మొదటి అపాయింట్‌మెంటు నాకే కావాలని పోట్లాడారు. ఇద్దరినీ నేను తప్పుపట్టలేదు.

ఒక జాగ్రత్త మాత్రం అందరూ తెలుసుకోవాలి. చాలా రంగులలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, అది కొందరికి పడదు. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా వాడినవారికి కూడా ఒక రోజు హఠాత్తుగా దురద, కనురెప్పల వాపు మొదలుకావచ్చు. అందుకే చెవి వెనుక కొద్దిగా రాసి 48 గంటలు చూడాలి. గోరింటాకు ఒక్కటే అయితే ఎర్రగా పండుతుంది తప్ప జుట్టును నల్లబరచదు, నల్ల హెన్నా పేరుతో అమ్మే పొడులు చాలావాటిలో ఉండేది ఆ పీపీడీనే.

టీచరు గారూ, జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల జడలో రంగు పూర్తిగా పోవాలంటే అయిదేళ్లు పడుతుంది. మా ఖాతాదారు ఒకావిడ అంతకాలం ఆగలేక తిరుమల వెళ్లి కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చింది. “మొక్కూ తీరింది, రంగు పీడా విరగడైంది” అని నవ్వింది.

రాజమండ్రి టీచరు:
అందరికీ కృతజ్ఞతలు. మాదాపూర్ గారూ, నాకు జీతం ఆగదు కాబట్టే ఈ ధైర్యం వచ్చిందన్న మాటను కాదనను. అయితే ఒక సంగతి చెప్పాలి. పాపిడిలో తెలుపు బాగా బయటపడిన రోజులలో ఆరో తరగతి పిల్ల ఒకతె, “మీకు జ్వరం వచ్చిందా టీచర్?” అని అడిగింది. లేదన్నాను. వారం తిరిగేసరికి ఆ పిల్లకే కాదు, స్టాఫ్ రూములో వారికి కూడా నా జుట్టు పాతబడిపోయింది. ఎదుటివారి చూపు వారంలో మళ్లిపోతుందని కళ్లారా చూశాకే నా బెంగ కొంత తగ్గింది, వయసు వల్ల తగ్గలేదు.

ఒంగోలు అమ్మాయీ, మీ నాయనమ్మ గారి అద్దం నా మనసులోంచి పోవడం లేదు. నేనూ అలంకారం మానలేదు. కాటుక పెట్టుకుంటాను, గంజిపెట్టి ఇస్త్రీ చేసిన చీరే కడతాను. మూడు వారాలకోసారి తలుపు వేసుకోవడం మాత్రం మానేశాను.

మాదాపూర్ ఉద్యోగి:
వారంలో అలవాటు పడతారని మీరంటున్నారు. ఇంటర్వ్యూ అరగంటే ఉంటుంది మేడమ్.

రాజమండ్రి టీచరు:
దానికి నా దగ్గర జవాబు లేదు, నాయనా. మీరు రంగు వేసుకోండి, 48 గంటల పరీక్ష మాత్రం మరవకండి.

పెళ్లికి నేను ఇలాగే వెళ్తున్నాను. మా ఆడపడుచు నిన్న మళ్లీ ఫోను చేస్తే రంగు గురించే అనుకుని మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆమె అడిగింది పూల గురించి. “తెల్ల జుట్టులో జాజులు ఆనవు వదినా, నీకు వేరేగా కనకాంబరాలు చెబుతున్నాను, ఎన్ని మూరలు కావాలి?” అన్నది. రెండు మూరలు చాలన్నాను.